ఇనుప పట్టా నుంచి దమ్ము చక్రం దాకా: దిగువ కృష్ణా డెల్టాలో చక్రం ఎంపిక – చారిత్రక పరిశీలన

వ్యాస సంగ్రహం

మచిలీపట్నం, గుడివాడ, దివిసీమ ప్రాంతాల్లో వాహనపు చక్రం పలుమార్లు మారింది. కొయ్యచక్రానికి వేసిన ఇనుప పట్టా, ఎడ్లబండికి బిగించిన గాలి టైరు, ట్రాక్టరు వెనుక టైరు, దమ్ము చక్రం ఈ మార్పులోని ప్రధాన దశలు. దీన్ని పాత నుంచి కొత్తకు, కొయ్య నుంచి రబ్బరుకు సాగిన నేరుగీత ప్రగతిగా చెప్పడం పరిపాటి. ఈ ప్రాంత అనుభవం ఆ వివరణకు లొంగదు. ఇక్కడి రైతు రోడ్డు కోసం ఇనుమును వదిలి రబ్బరును ఎంచుకున్నాడు. బురద కోసం మళ్లీ ఇనుమును చేరుకున్నాడు. ప్రతి ఎంపికా ఒక నేలకు మేలు చేసి, మరొక నేలకు నష్టం కలిగించింది. ఆ నష్టాన్ని ఎవరు భరించారు, ఆ క్రమంలో ఏ వృత్తులు, ఏ మాటలు మరుగున పడ్డాయి అన్న ప్రశ్నలను ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కీలక పదాలు: కృష్ణా డెల్టా, ఎడ్లబండి, పట్టా, టైరు బండి, దమ్ము చక్రం, వృత్తి పదజాలం, మేర.

1. ప్రవేశిక

టైరు మార్చడం ఈనాడు నగర యువకుల అభిరుచిగా కనిపిస్తుంది. క్రీడా కారు కొన్నవారు కంపెనీ ఇచ్చిన టైర్లు తీసేసి వెడల్పాటివి, పక్కగోడ ఎత్తు తక్కువగా ఉండేవి వేయించుకుంటారు. చక్రం మధ్యలోని రిమ్ వ్యాసం పెంచినప్పుడు, పక్కగోడ ఎత్తు తగ్గించి, మొత్తం చక్రం వ్యాసం మారకుండా చూసుకుంటారు. అలా చూడకపోతే వేగమాపకం తప్పు చూపుతుంది. పొడి రోడ్డు మీద వెడల్పు టైరు పట్టు ఇస్తుంది. నీళ్లు నిలిచిన రోడ్డు మీద అదే వెడల్పు కారును నీటిపొర మీద తేలేలా చేయగలదు. అందుకే టైరు మీద గాళ్లు కోస్తారు. బరువు, వేగం, నేల అనే మూడింటి మధ్య కుదుర్చుకునే ఒప్పందమే టైరు ఎంపిక.

ఈ ఒప్పందాన్ని కృష్ణా డెల్టా రైతు కారు పుట్టకముందే ఎరుగును. అతని ముందున్న నేల తారురోడ్డు కాదు. ఎండాకాలంలో నెర్రెలు తీసి, వానాకాలంలో ఊబగా మారే బంకమట్టి. ఒకే బండి ఒకే ఏడాదిలో ఈ రెండు నేలల మీదా నడవాలి. అందువల్ల ఇక్కడ చక్రం చరిత్రను చెప్పాలంటే నేలతోనే మొదలుపెట్టవలసి ఉంటుంది.

2. చక్రానికి ముందు: డెల్టా దారులు

మచిలీపట్నం పదిహేడవ శతాబ్దంలో గోల్కొండ రాజ్యానికి ప్రధాన రేవు. డచ్చి, ఇంగ్లీషు, ఫ్రెంచి వర్తకులు అక్కడ స్థావరాలు పెట్టుకున్నారు. అంత పెద్ద రేవుకు బండ్ల బారులు నడిచి ఉంటాయని మనం సహజంగానే ఊహిస్తాం. ఆ శతాబ్దంలో ఈ మార్గంలో తిరిగిన ఫ్రెంచి రత్నాల వర్తకుడు టావెర్నియే ఇచ్చిన చిత్రం వేరు. కొండలు, చెరువులు, ఏళ్లు అడ్డుపడే ఆ దారిలో చక్రాల బండి నడపడం ఎంతో కష్టమనీ, సరుకు ఎద్దుల వీపుల మీద సాగేదనీ అతడు రాశాడు. అంటే ఈ సీమ వాణిజ్య వైభవంలో చక్రానికి దక్కిన స్థానం చిన్నది. రేవులో ఓడ, దారిలో పెరికె ఎద్దు, ఈ రెంటి నడుమే వ్యాపారం సాగింది.

పందొమ్మిదవ శతాబ్ది మధ్యలో ఈ స్థితి మారింది. 1852లో మొదలై 1855లో పూర్తయిన బెజవాడ ఆనకట్టతో డెల్టాకు కాలువలు వచ్చాయి. బందరు కాలువ, ఏలూరు కాలువ వంటివి సాగునీటితోపాటు పడవలకూ దారి ఇచ్చాయి. లాకుల గుండా ధాన్యపు పడవలు సాగాయి. దూరప్రయాణం పడవది కాగా, పొలం నుంచి కళ్లానికి, కళ్లం నుంచి రేవుకు సాగే చిన్న ప్రయాణం బండిది. 1908లో బెజవాడ–మచిలీపట్నం రైలుమార్గం గుడివాడ మీదుగా వచ్చాక, స్టేషను కూడా బండికి మరొక గమ్యమైంది. ‘ఓడలు బళ్లవుతాయి, బళ్లు ఓడలవుతాయి’ అనే సామెతను మనం సాధారణంగా సంపదల తారుమారుకు వాడతాం. ఈ ప్రాంతంలో దానికి అక్షరార్థం కూడా ఉంది. 1864 నవంబరు 1నాటి తుఫాను ఉప్పెనలో దాదాపు ముప్ఫై వేల మందిని కోల్పోయిన బందరు, ఆ తర్వాత రేవుగా పూర్వపు స్థాయిని అందుకోలేదు. ఓడ వెనక్కి తగ్గింది. బండి ముందుకు వచ్చింది.

దివిసీమ పరిస్థితి ఇంకొంచెం భిన్నం. కృష్ణానది రెండు పాయల మధ్య ఉన్న ఈ లంకభూమికి చక్రం నది దాటి వెళ్లాలి. పులిగడ్డ అక్విడక్టు కాలువనూ దారినీ ఒకే కట్టడం మీద నది దాటించింది. అంతకుముందు బండికైనా మనిషికైనా రేవు, పడవ, బల్లకట్టే గతి. చక్రం ఆగిపోయే చోటు ఉన్నంతకాలం దాని ఆకారం మారవలసిన అవసరమూ తక్కువే.

3. పట్టా వేసిన చక్రం

సంప్రదాయ బండిచక్రంలో నడుమ తూము, దాని నుంచి బయలుదేరే ఆకులు, ఆకులను కలిపే వంపు చెక్కలు, వీటన్నింటినీ బిగించి ఉంచే ఇనుప పట్టా ఉంటాయి. తూములో ఇరుసు, ఇరుసు చివర చీల. నల్లతుమ్మ వంటి గట్టి కొయ్య ఈ పనికి వాడుకలో ఉండేది. చెక్క పని వడ్రంగిది, పట్టా పని కమ్మరిది.

పట్టా ఎక్కించడం ఇద్దరూ కలిసి చేసే పని. పట్టాను చక్రం చుట్టుకొలత కంటే కొద్దిగా తక్కువ కొలతతో వలయంగా చేస్తారు. పిడకలు పేర్చి నిప్పుపెట్టి ఎర్రగా కాలుస్తారు. వేడికి వ్యాకోచించిన పట్టాను పట్టకార్లతో ఎత్తి చక్రానికి తొడిగి, వెంటనే నీళ్లు పోస్తారు. చల్లబడి బిగుసుకున్న పట్టా ఆకులను తూములోకి అదిమిపడుతుంది. మేకులకన్నా ఈ బిగువే చక్రానికి బలం.

ఈ బిగువు ఏడాది పొడవునా నిలిచేది కాదు. ఎండలకు చెక్క ఎండి కుంచించుకుపోతే పట్టా వదులవుతుంది. అప్పుడు చక్రాన్ని నీటిలో నానబెట్టాలి. నానితే చెక్క ఉబ్బి మళ్లీ పట్టుకుంటుంది. డెల్టాలో వేసవిలో కాలువలు కట్టేస్తారు కాబట్టి నీరు తగ్గే కాలమూ, చక్రం వదులయ్యే కాలమూ ఒకటే. ఊరి చెరువు అప్పుడు పశువులతోపాటు చక్రాలకూ ఆధారం. కందెన పెట్టడం, నానబెట్టడం, పట్టా కోసి బిగించడం కలిసి ఒక నిర్వహణ శాస్త్రమే. అది పుస్తకంలో లేదు, వాడుకలో ఉంది.

ఈ సేవకు ప్రతిఫలం నగదు కాదు. పంట నూర్పిడి వేళ కళ్లంలోనే వృత్తిపనివారికి ధాన్యంలో వాటా ఇచ్చే ‘మేర’ పద్ధతి ఉండేది. చక్రం విరిగినప్పుడల్లా బేరం పెట్టుకోనక్కరలేదు. ఏడాది పొడవునా బాగుచేసే బాధ్యత వడ్రంగిది, కమ్మరిది. ఈ పద్ధతి సమానత్వం మీద నిలిచింది కాదు. కులక్రమం దాని పునాది. పంట పోయిన ఏడాది వడ్రంగి వాటా కూడా పోయేది. అయినా చక్రం ఊరిలోనే పుట్టి, ఊరిలోనే బాగుపడి, చివరకు ఊరి పొయ్యిలోనే ముగిసేదన్న సంగతి తర్వాతి మార్పును కొలవడానికి అవసరం.

4. టైరు బండి

రబ్బరును గంధకంతో కాచి గట్టిపరిచే పద్ధతిని 1839లో చార్లెస్ గుడ్‌ఇయర్ కనుగొన్నాడు. 1845లో రాబర్ట్ విలియం థామ్సన్ గాలి నింపిన చక్రానికి పేటెంటు పొందాడు. 1888లో బెల్‌ఫాస్టులో జాన్ బాయిడ్ డన్‌లప్ దాన్ని సైకిలుకు అమర్చి వాడుకలోకి తెచ్చాడు. 1936లో డన్‌లప్ సంస్థ బెంగాలులోని సాహాగంజ్‌లో టైర్ల కర్మాగారం ప్రారంభించింది. ఆ దశకంలోనే గాలి టైరు ఎడ్లబండి మన దేశంలో ప్రవేశించింది.

దీని వెనుక రైతు కోరిక కంటే రోడ్డు ఇంజనీరు ఫిర్యాదు బలంగా ఉంది. సన్నటి ఇనుప పట్టా మీద ఒక టన్ను బరువు ఆనితే కంకర రోడ్డు కోసుకుపోతుంది. మోటారు వాహనాలు పెరుగుతున్నకొద్దీ ఎడ్లబండి రోడ్డుకు శత్రువుగా చిత్రితమైంది. 1934లో ఏర్పడిన ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ వంటి వేదికల మీద బండిచక్రం చర్చనీయాంశమైంది. గ్రామం నుంచి చూస్తే ప్రశ్న తిరగబడుతుంది: బండి రోడ్డును పాడుచేసిందా, బండికి పనికిరాని రోడ్డు వేశారా? మెత్తటి డొంకలో పట్టాచక్రం గాడి తీసుకుని నడుస్తుంది. ఆ గాడే దానికి దారి. గట్టి రోడ్డు మీద ఆ గుణమే దోషమైంది.

గాలి టైరు ఈ దోషాన్ని తగ్గించింది. వెడల్పుగా ఆనడం వల్ల బరువు విస్తరిస్తుంది. బంతి బేరింగుల ఇరుసు వల్ల లాగుడు తేలికవుతుంది. గట్టి రోడ్డు మీద అవే ఎడ్లు పట్టాబండి కంటే చాలా ఎక్కువ బరువు లాగగలవు. ధాన్యపు బస్తాలు మిల్లుకు, చెరకు ఫ్యాక్టరీకి తోలేవారికి ఇది ప్రత్యక్ష లాభం. టైర్ల కంపెనీలు పశువులు లాగే వాహనాల కోసం ‘ఎ.డి.వి.’ గుర్తుతో ప్రత్యేక టైర్లు తయారుచేసినా, అరిగిపోయిన లారీ, జీపు టైర్లు బండ్లకు వేయడమూ విస్తృతంగా సాగింది. లారీకి గంటకు అరవై కిలోమీటర్ల వేగంలో ప్రమాదకరమైన టైరు, గంటకు నాలుగు కిలోమీటర్లు నడిచే ఎద్దుల వెనుక మరికొన్నేళ్లు పనికొస్తుంది. నేడు పర్యావరణవేత్తలు పునర్వినియోగం అంటున్నది ఇదే. రైతు దానికి పేరు పెట్టలేదు. లెక్క మాత్రం చూసుకున్నాడు.

అయితే ఈ లాభానికి మరో ముఖం ఉంది. బండి తేలికయ్యేకొద్దీ ఎడ్లకు విశ్రాంతి దొరకలేదు, బరువు పెరిగింది. 1970లలో బెంగుళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మేనేజ్‌మెంట్ సంచాలకుడిగా ఉన్న ఎన్.ఎస్. రామస్వామి దేశంలోని పశుశక్తి రవాణాపై అధ్యయనం చేసి, బండి బరువు తగ్గించడం, బేరింగులు, మెరుగైన కాడి, రోడ్డుకు తగిన చక్రం అన్నీ కలిసి రావాలని వాదించాడు. చక్రం ఒక్కటే మారిస్తే చాలదన్నది ఆ వాదన సారం. డెల్టా కూడా ఇదే చెబుతుంది. ట్యూబుకు తుమ్మముల్లు గుచ్చుకుంటే బండి నిలిచిపోతుంది; దాన్ని ఊరి వడ్రంగి బాగుచేయలేడు. పంక్చరు అతుక్కు నగదు కావాలి, పంక్చరు దుకాణం రోడ్డు పక్కన ఉంటుంది. కళ్లంలో ధాన్యంగా చెల్లిన చక్రం ఖర్చు రోడ్డు పక్కన రూపాయిగా మారింది. వడ్రంగి, కమ్మరి ఇద్దరి పని ఒకే వస్తువుతో ఒకేసారి తగ్గింది.

5. ట్రాక్టరు: టైరు మీది రాత

1960ల తొలి సంవత్సరాల్లో దేశంలో ట్రాక్టర్ల తయారీ మొదలైంది. తక్కువ కాలంలో పండే వరి వంగడాలు, సార్వా తర్వాత దాళ్వా వచ్చాక రెండు పంటల మధ్య విరామం తగ్గింది. దమ్ము త్వరగా ముగియాలి. ఆపైన 1977 నవంబరు 19నాటి ఉప్పెన దివిసీమను ముంచింది. వేలాది మనుషులతోపాటు పశువులూ కొట్టుకుపోయాయి. ఎద్దు లేని ఇంట బండి ఉండీ లేనట్టే. యంత్రీకరణను ఒక్క తుఫానుకు ఆపాదించలేం. కానీ పశుశక్తిపై నిలిచిన సేద్యం ఒక్క రాత్రిలో ఎంత నిస్సహాయమవుతుందో ఆ ఘటన చూపింది.

ట్రాక్టరుతో టైరు ఎంపిక అసలైన సాంకేతిక ప్రశ్న అయింది. టైరు పక్కగోడను ఒక శాసనంలా చదవవచ్చు. మన దేశంలో మధ్యస్థాయి ట్రాక్టరు వెనుక చక్రం మీద తరచు కనిపించే 13.6-28 అన్న అంకెల్లో మొదటిది అంగుళాల్లో టైరు వెడల్పు, రెండవది రిమ్ వ్యాసం. ముందు చక్రానికి 6.00-16 సాధారణం. వ్యవసాయ టైరు మీద ‘ఎ6’ అని ఉంటే గంటకు 30 కిలోమీటర్లు, ‘ఎ8’ అని ఉంటే 40 కిలోమీటర్లు దాని వేగపరిమితి. క్రీడా కారు టైరు మీది ‘వై’ అక్షరం గంటకు 300 కిలోమీటర్లను సూచిస్తుంది. లిపి ఒకటే, లోకాలు వేరు. కారు టైరు గాడి 1.6 మిల్లీమీటర్లకు అరిగితే మార్చాలని నియమం. ట్రాక్టరు టైరుకు గాడి కాదు, దువ్వెన పళ్లలా లేచిన రబ్బరు దిమ్మలు ప్రాణం. అవి మట్టిలో దిగి ముందుకు తోస్తాయి.

రైతు ఇక్కడ రెండు సర్దుబాట్లు నేర్చుకున్నాడు. ఒకటి, గాలి. పొలంలో గాలి తగ్గిస్తే టైరు పరుచుకుని పట్టు పెరుగుతుంది. రోడ్డు మీద అదే గాలితో బరువు లాగితే పక్కగోడలు చిట్లుతాయి. రెండు, నీరు. వెనుక ట్యూబులలో నీరు నింపి చక్రం బరువు పెంచితే జారుడు తగ్గుతుంది. గాలి కోసం పుట్టిన టైరులో నీరు నింపడం, నీటిసీమ రైతు టైరుకు చేసుకున్న సవరణ.

6. మళ్లీ ఇనుము: దమ్ము చక్రం

ఈ సర్దుబాట్లకూ ఒక హద్దుంది. నీరు పెట్టిన డెల్టా బంకమట్టిలో రబ్బరు దిమ్మల మధ్య బురద పేరుకుపోతుంది. అప్పుడు టైరు నున్నటి గుండ్రాయితో సమానం, అక్కడికక్కడే తిరుగుతుంది. దీనికి జవాబుగా వచ్చినదే ఇనుప కడ్డీలు, బద్దలతో పంజరంలా అల్లిన చక్రం. కేజ్ వీల్ అన్నా దమ్ము చక్రం అన్నా ఇదే. బద్దల మధ్య ఖాళీలోంచి బురద జారిపోతుంది. చక్రమే మట్టిని కలిపి దమ్ము చేస్తుంది. టైరు తీసేసి దాని స్థానంలో వేసేది పూర్తి చక్రం. టైరు పక్కన బిగించేది సగం చక్రం. సగం చక్రం వ్యాసాన్ని టైరు వ్యాసం కంటే తక్కువ ఉంచితే గట్టి నేల మీద టైరే ఆనుతుంది. బురదలో దిగినప్పుడు మాత్రమే ఇనుము పని చేస్తుంది. ప్రవేశికలో చెప్పిన రిమ్–వ్యాసం లెక్కకు ఇది డెల్టా రూపం.

దీన్ని తయారుచేసేది వెల్డింగు పనివాడు. కమ్మరి కొలిమి స్థానంలో వెల్డింగు యంత్రం వచ్చింది. నేలకు తగినట్టు బద్దల వెడల్పు, వంపు, సంఖ్య మార్చుకునే స్థానిక స్వేచ్ఛ మాత్రం మిగిలింది. ఆ మేరకు చక్రం మళ్లీ ఊరి దగ్గరకు వచ్చింది.

ఇనుముతో పాత వివాదమూ తిరిగొచ్చింది. దమ్ము చక్రాలతో తారురోడ్డెక్కితే బద్దలు రోడ్డును గంట్లు పెడతాయి. అందుకే ఏటా నాట్ల కాలంలో అలా రోడ్డెక్కవద్దని హెచ్చరికలు వెలువడతాయి, జరిమానాలు వేస్తారు. 1930లలో పట్టాబండి ఎదుర్కొన్న ఆరోపణనే నేడు ట్రాక్టరు ఎదుర్కొంటోంది. నిషేధం న్యాయమైనదే. గ్రామీణ రోడ్డు ఒకసారి చెడితే ఏళ్ల తరబడి ఆ గుంతల్లోనే బడిపిల్లలు, గర్భిణులు ప్రయాణించాలి. కానీ అమలు భారం ఎవరిమీద పడుతుందో చూడాలి. పొలాలు చెల్లాచెదురుగా ఉన్నచోట ఒక చెక్క నుంచి మరో చెక్కకు రోడ్డు దాటడం తప్పదు. చక్రాలు మార్చడానికి ఇద్దరు మనుషులు, కొంత సమయం కావాలి. ఆ సమయం అద్దె గంటల్లో కలుస్తుంది. ట్రాక్టరు సొంతదారు ఆ ఖర్చును అద్దెలో చూపుతాడు. చివరకు చెల్లించేది అద్దెకు తెచ్చుకున్న కౌలురైతు.

పొలానికీ మూల్యం ఉంది. దమ్ము కింద ఏర్పడే గట్టి పొర నీరు ఇంకకుండా ఆపుతుంది. వరికి అది అవసరం. బరువైన యంత్రాలు ఏటా అదే పొరను ఛేదిస్తూ పోతే చేను ఊబగా మారి తర్వాతి యంత్రం దిగబడుతుంది. కోతకాలంలో తుఫాను వానలు పడితే టైర్ల కోతయంత్రం చేలో దిగలేదు. గొలుసుపట్టీ మీద నడిచే ‘చైన్ మిషన్’ కావాలి. దాని అద్దె ఎక్కువ. చక్రం చరిత్రలో ఇది మరో మలుపు: చక్రం తానే మాయమై పట్టీ కింద దాగింది.

7. మాటల్లో మిగిలిన చక్రం

ఇంగ్లీషులో ‘టైరు’ అన్న మాట మొదట చక్రానికి తొడిగిన ఇనుప కట్టుకే పేరు. రబ్బరు వచ్చాక ఆ పేరే దానికి బదిలీ అయింది. తెలుగు అలా చేయలేదు. ఇనుముకు ‘పట్టా’ను ఉంచి, రబ్బరుకు ‘టైరు’ను అరువు తెచ్చుకుంది. ఫలితంగా ‘టైరు బండి’ అన్న సమాసం పుట్టింది. దాని పక్కన నిలిచేసరికి, అంతవరకు కేవలం ‘బండి’ అయినది గుర్తింపు కోసం ‘కొయ్యచక్రాల బండి’ కావలసి వచ్చింది. కొత్త వస్తువు పాత వస్తువుకు కొత్త విశేషణం తగిలించడం పదచరిత్రలో తరచు జరిగేదే.

మరో ఉదాహరణ ‘స్టెప్నీ’. వేల్సులోని లనెల్లీ పట్టణపు స్టెప్నీ వీధిలో 1904లో మొదలైన అదనపు చక్రాల వ్యాపారం పేరు అది. బ్రిటనులో దాదాపు మరుగునపడిన ఆ మాట తెలుగునాట ఇంకా వాడుకలో ఉంది. ‘గాలి తీయడం’ గర్వభంగానికి జాతీయమైంది. ‘బండి’ మోటారు సైకిలు దాకా విస్తరించింది. మరోవైపు ‘ఆకు’ అంటే చక్రపు పుల్ల అన్న అర్థం నేటి విద్యార్థికి చెప్పవలసి వస్తోంది. ‘నొగ’, ‘చీల’, ‘కందెన’ కూడా అదే దారిలో ఉన్నాయి.

ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ కోసం భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో 1962లో వెలువడిన మాండలిక వృత్తి పదకోశం తొలి సంపుటం వ్యవసాయ పదాలను నమోదు చేసింది. ట్రాక్టరు ఊళ్లలో విస్తరించకముందే ఆ సేకరణ జరగడం తెలుగుకు దక్కిన అదృష్టం. అయితే టైరు బండి, దమ్ము చక్రం, చైన్ మిషన్‌ల చుట్టూ పుట్టిన పదజాలానికి అటువంటి నమోదు జరగాలి. అరువు మాటలు ఎక్కువని వాటిని పక్కన పెట్టడం సరికాదు. నేటి సేద్యం ఆ మాటల్లోనే నడుస్తోంది.

8. ముగింపు

పై పరిశీలన వల్ల తేలిన అంశాలు:

1. దిగువ కృష్ణా డెల్టాలో చక్రం మార్పు ఏకముఖ ప్రగతి కాదు. ఇనుము నుంచి రబ్బరుకు, రబ్బరు నుంచి మళ్లీ ఇనుముకు సాగిన ఈ మార్పును శాసించింది నేల.

2. పట్టాబండిపై వచ్చిన ఆరోపణ, దమ్ము చక్రంపై వస్తున్న ఆరోపణ ఒకటే. రోడ్డు, పొలం అనే రెండు నేలల అవసరాలను కలిపి చూసే ప్రణాళిక లేకపోవడం రెండింటికీ మూలం. పొలాల మధ్య డొంకలను కాపాడడం, రోడ్డు దాటే చోట్ల గట్టి దాటుడు బాటలు కట్టడం జరిమానాల కంటే మన్నికైన పరిష్కారం.

3. చక్రంతోపాటు దాని ఖర్చు రూపం మారింది. మేర నగదైంది, వడ్రంగి, కమ్మరి స్థానంలో పంక్చరు, వెల్డింగు పనివారు వచ్చారు. పాత పద్ధతిలోని కులబంధం సడలింది. పాత భద్రత కూడా పోయింది.

4. ఈ మార్పు తెలుగు పదజాలంలో స్పష్టంగా నమోదైంది. పట్టా తొడగడం చూసిన తరం ఇంకా మన మధ్య ఉంది. వారి మాటలను, కొలతలను, పనితీరును సేకరించవలసిన సమయం ఇదే. తెలుగు శాఖల పరిశోధకులు ఈ పనికి చరిత్ర, వ్యవసాయ ఇంజనీరింగు శాఖలతో కలిసి పూనుకోవాలి.